పదో తరగతి సైన్సు పుస్తకం ఏ విద్యా తత్వాన్ని నమ్ముతుంది? (ముందుమాట పక్కన పెట్టి చూద్దాం)

చాక్‌పీసు
శిక్షణ తరగతుల్లో ఎప్పుడూ ఒకటే మాట: మన పుస్తకాలు నిర్మాణాత్మక వాదం మీద రాసినవి, జ్ఞానాన్ని పిల్లలే నిర్మించుకుంటారు. 2005 జాతీయ విద్యాప్రణాళికా చట్రం ఆ మాటే అంటుంది, 2011 రాష్ట్ర విద్యాప్రణాళికా పరిధి పత్రమూ ఆ మాటే అంటుంది, పుస్తకాల ముందుమాటలూ అంతే. ముందుమాట చదివి పుస్తకం తత్వం తేల్చేస్తే పెళ్లిపత్రిక చూసి కాపురం ఎలా ఉందో చెప్పినట్టే.

నేను చూసేవి వేరే. కృత్యం ముందొస్తుందా, నిర్వచనం ముందొస్తుందా? కృత్యం కిందే ఫలితం అచ్చేసి ఉందా? అందులో అడిగిన పరికరం బడిలో దొరుకుతుందా? ఆ పాఠం మీద పరీక్షలో ఏం అడుగుతున్నారు? ఈ నాలుగూ ఒక మాట మీద ఉంటే ఆ పుస్తకానికి ఒక తత్వం ఉన్నట్టు. లేకపోతే అది పొత్తు కుదరని సంకలనం. విద్యుత్ పాఠంతో మొదలుపెడదామా? అందరూ చెప్పే పాఠం, అందరికీ తెలిసిన పాఠం.

నీలిలిట్మస్
మొదలుపెట్టే ముందు పేర్లు సరిచూసుకుందాం. "నిర్మాణాత్మకం" అన్న ఒక్క చీటీ కింద కనీసం నాలుగు వేర్వేరు ఆలోచనలు తిరుగుతున్నాయి.

ఒకటి, శాస్త్ర నిర్మాణం. 1956లో ఎంఐటీలో జెరోల్డ్ జకారియాస్ మొదలుపెట్టిన పీఎస్‌ఎస్‌సీ (ఫిజికల్ సైన్స్ స్టడీ కమిటీ) భౌతికశాస్త్ర ప్రాజెక్టు దీని మూలం. మరుసటి ఏడాది సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగరడంతో డబ్బు, తొందర రెండూ పెరిగాయి. 1959లో వుడ్స్ హోల్ సమావేశం జరిగింది, దాని సారాన్ని మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ రాశారు. ఏ శాస్త్రానికైనా కొన్ని మూల భావనలుంటాయి, వాటిని పట్టుకుంటే మిగతావి వాటంతట అవే అల్లుకుంటాయి అన్నది ఇక్కడి నమ్మకం. పుస్తకాలు రాసింది ఎక్కువగా శాస్త్రవేత్తలు.

రెండు, అన్వేషణ. లండన్‌లో 19వ శతాబ్దం చివర్లో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ హ్యూరిస్టిక్ పద్ధతి అంటూ దీన్ని నెత్తికెత్తుకున్నారు. 1962లో నఫీల్డ్ ఫౌండేషన్ ఇంగ్లండు బడుల్లో మళ్లీ ప్రాణం పోసింది. పిల్లవాడు శాస్త్రవేత్తలా కనుక్కోవాలి, మాష్టారు దారి మాత్రం చూపాలి.

మూడు, అసలు నిర్మాణాత్మకం. పిల్లవాడు ఖాళీ బుర్రతో రాడు, ముందే ఏదో నమ్మి వస్తాడు, ఆ నమ్మకాన్ని తేల్చుకోకుండా కొత్తది ఎక్కదు. పియాజే, ఆసుబెల్, తర్వాత రోజలిండ్ డ్రైవర్ ఈ వైపు వాళ్లు. అన్వేషణతో దీన్ని కలిపేస్తారు గానీ రెండూ ఒకటి కాదు. మాష్టారు ఉపన్యాసంతో కూడా ముందు నమ్మకాన్ని కదిలించవచ్చు. చేతినిండా పరికరాలిచ్చినా ఆ నమ్మకం చెక్కుచెదరకపోవచ్చు.

నాలుగు, సమాజం కోసం సైన్సు. పర్యావరణం, ఆరోగ్యం, విలువలు. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ప్రతి పాఠం చివర కనిపిస్తుంది.

మన దేశంలో ఇవి ఒకదాన్నొకటి తొలగించలేదు, ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. కొఠారీ కమిషన్ (1964–66) పదో తరగతి దాకా సైన్సు అందరికీ తప్పనిసరి అంది. 60ల్లో యునెస్కో, సోవియట్ నిపుణుల సాయంతో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలను కింది తరగతుల నుంచే విడదీసి రాశారు. 1975 చట్రం మళ్లీ కలపమంది. 2005 నాటిది సైన్సు పాఠ్యప్రణాళికకు ఆరు సప్రమాణతలు (పాఠం సరిగ్గా ఉందా అని చూసే గీటురాళ్లు) పెట్టింది: సంజ్ఞానాత్మక, విషయ, ప్రక్రియా, చారిత్రక, పర్యావరణ, నైతిక. ఆరూ మంచివే. ఒకదానితో ఒకటి పోటీ పడితే దేనికి తలవంచాలో మాత్రం అందులో తేలలేదు. మన తగాదాలన్నీ అక్కడి నుంచే.

ఓరుగల్లు_భౌతికం
నీలిలిట్మస్ మేడమ్ పొరలు అన్నరు గదా, మన తెలంగాణ పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రం పుస్తకమే దానికి సాక్ష్యం. 2014లో వచ్చిన పుస్తకం అది. ముందుమాటల నిర్మాణాత్మకం. లోపల పరమాణు నిర్మాణం పాఠం తెరువున్రి: పరమాణువుల ఎలక్ట్రాన్ జాడ చెప్పే నాలుగు క్వాంటం సంఖ్యలు, పౌలీ వర్జన నియమం, ఆఫ్‌బౌ, హుండ్ నియమం. రసాయన బంధంల సంకరీకరణం. విద్యుత్ ప్రవాహంల డ్రూడ్–లోరెంజ్ ఎలక్ట్రాన్ సిద్ధాంతం, రాగి తీగల ఎలక్ట్రాన్ అపసర వేగం లెక్క.

ఎన్‌సీఈఆర్‌టీల, అంటే కేంద్రం పుస్తకాలల్ల, క్వాంటం సంఖ్యలు, సంకరీకరణం పదకొండుల వస్తయి. పదోల వాళ్లు రసాయన చర్యలు, ఆమ్లక్షారాలు, లోహాలు, కార్బన్ అని కంటికి కనిపించే పదార్థం నుంచి పోతరు.

క్వాంటం సంఖ్యలకు తరగతి గదిల చేసే కృత్యం లేదు. పిల్లగాడు ఏ అనుభవం మీద దాన్ని నిర్మించుకోవాలె? ఎల్ విలువ సున్నా నుంచి ఎన్ మైనస్ ఒకటి దాకా అని నేర్చుకుంటడు, పెట్టెలల్ల బాణాలు గీస్తడు, మార్కులు తెచ్చుకుంటడు. ఇది పక్కా శాస్త్ర నిర్మాణ తత్వం, అది కూడా దిగుమతి చేసుకున్నది. పేరు మాత్రం వేరే.

గోదారిగట్టు
తప్పేముందండీ అందులో? పదో తరగతి తర్వాత మన దగ్గర చదువు తీరు చూడండి. ఇంటర్ మొదటి నెలలోనే కెమిస్ట్రీ లెక్చరర్ హైడ్రోజన్ వర్ణపటంతో మొదలుపెట్టేస్తారు. పదిలో రుచి చూపించకపోతే అక్కడ మునిగిపోతారు పిల్లలు. తత్వం బడి గోడల మధ్య తయారవదు, పై మెట్టు లాగుతుంది.

ఓరుగల్లు_భౌతికం
గోదారిగట్టు సార్, పదోల ఉన్న పిల్లలందరూ ఎంపీసీకి, బైపీసీకి పోరు. కొఠారీ "అందరికీ" అన్నది. పై మెట్టు కోసం రాస్తే పాలిటెక్నిక్ పోయేటోనికి, ఐటీఐ పోయేటోనికి, చదువు ఆపేసే అమ్మాయికి హుండ్ నియమం ఎందుకు? ఇంట్లకు పోయిన ఫేజ్, న్యూట్రల్, ఎర్తింగ్ తెలిస్తే ప్రాణం నిలుస్తది.

చాక్‌పీసు
ఆ వాదన ఎప్పటికీ తెగదు. విద్యుత్‌కి వద్దాం. ఎన్‌సీఈఆర్‌టీ ఓమ్ నియమం కృత్యం: అర మీటరు నిక్రోమ్ తీగ, అమ్మీటరు, వోల్ట్‌మీటరు, 1.5 వోల్టుల ఘటాలు నాలుగు. ఒక ఘటంతో మొదలుపెట్టి రెండు, మూడు, నాలుగు. పట్టికలో నాలుగు గడులు, గ్రాఫు గీయమంటారు. నిర్వచనం ఆ తర్వాతే వస్తుంది. నా మొదటి పరీక్షలో పాసు.

రెండో పరీక్షలో తప్పింది. కృత్యం కిందే, ప్రతిసారీ వి బై ఐ దాదాపు ఒకే విలువ వస్తుందని, గ్రాఫు మూల బిందువు గుండా పోయే సరళరేఖ అని అచ్చేశారు. పిల్లవాడు అమ్మీటరు ముట్టుకోకముందే జవాబు చదివేశాడు. ఇక చేసేది సరిచూసుకోవడమే, కనుక్కోవడం కాదు. సరిచూసుకోవడం చిన్న పనేం కాదు. కానీ దాన్ని అన్వేషణ అనకూడదు.

రాష్ట్ర పుస్తకం ఇంకో అడుగు వేసింది. మాంగనిన్ తీగతో సరళరేఖ వచ్చాక, దాన్ని తీసి ఎల్‌ఈడీ పెట్టమంటుంది. రేఖ వంగుతుంది. నియమం ఎక్కడ పనిచేయదో చూపించిన కృత్యం అది. తత్వపరంగా పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు.

మల్టీమీటర్
నచ్చుతుంది గానీ ఎన్ని బడుల్లో అవుతోందో చూడాలి. ఆ ఎల్‌ఈడీ కృత్యం ఎందుకు చెడుతుందో చెబుతాను, కారణం పరికరంలోనే ఉంది.

బడి ల్యాబ్‌లో ఉండే అమ్మీటరు 0–1 ఆంపియర్, యాభై గీతలు. ఒక్కో గీత 0.02 ఆంపియర్. మామూలు 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ తట్టుకునేది సుమారు 20 మిల్లీఆంపియర్లు, అంటే సరిగ్గా ఒక గీత. ముల్లు కదిలిందా లేదా అన్నంత తప్ప గ్రాఫుకు చుక్కలు దొరకవు. పైగా 6 వోల్టుల ఎలిమినేటర్‌కి నేరుగా తగిలిస్తే ఎల్‌ఈడీ చటుక్కున మాడిపోతుంది. కావలసినవి: శ్రేణిలో 150 లేదా 220 ఓమ్‌ల నిరోధం (6లో 3 వోల్టులు ఎల్‌ఈడీకి పోతే మిగిలిన 3 వోల్టులను 0.02తో భాగిస్తే 150), అమ్మీటరు బదులు 20 మిల్లీఆంపియర్ల రేంజిలో పెట్టిన డిజిటల్ మల్టీమీటరు. 20 దాటితే అంకె పోయి 1 అని నిలబడుతుంది, అప్పుడు 200 రేంజికి మార్చాలి. ఎర్ర ఎల్‌ఈడీ వాడితే 1.8 వోల్టుల దగ్గర వెలగడం మొదలవుతుంది, తెల్లదానికి 2.6 దాకా ఆగాలి. ఎర్రదే మేలు, చుక్కలు ఎక్కువ దొరుకుతాయి.

ఇక నిక్రోమ్ తీగ. 28 గేజి తీగ మీటరుకు సుమారు 10 ఓమ్‌లు, అర మీటరు అంటే 5. మామూలు జింకు–కార్బన్ ఘటానికి లోపలి నిరోధం అర ఓమ్ అనుకుందాం. అసలు వచ్చేవి ఇవి:

1 ఘటం: 1.36 వోల్టులు, 0.27 ఆంపియర్లు
2 ఘటాలు: 2.50 వోల్టులు, 0.50 ఆంపియర్లు
3 ఘటాలు: 3.46 వోల్టులు, 0.69 ఆంపియర్లు
4 ఘటాలు: 4.29 వోల్టులు, 0.86 ఆంపియర్లు

వోల్ట్‌మీటరు చదివితే నిష్పత్తి 5 దగ్గరే నిలబడుతుంది. కానీ పిల్లలు వోల్ట్‌మీటరు చూడరు. ఘటాలు లెక్కపెట్టి 1.5, 3, 4.5, 6 అని రాసేస్తారు. అప్పుడు నిష్పత్తి 5.6, 6, 6.5, 7 అని ఎక్కుతూ పోతుంది. "ఒకే విలువ వస్తుంది" అని కిందే అచ్చై ఉంది గదా, అందుకని విద్యుత్ ప్రవాహం గడిలో అంకెలు దిద్దేస్తారు. రికార్డులో ముత్యాల్లాంటి సరళరేఖ. జవాబు ముందే చెప్పినందుకు వచ్చే ఫలం అదే: దొంగ రీడింగులు.

నీలిలిట్మస్
ఈ చివరి వాక్యం దండోరా వేయించాలి. ఘటం లోపలి నిరోధం అనే అందమైన ప్రశ్న ఆ చెడిన పట్టికలోనే ఉంది. పుస్తకం ఆ ఒక్క వాక్యం తీసేసి "నీ నిష్పత్తులు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా, నిలకడగా ఉన్నాయా? ఎందుకు?" అని అడిగి ఉంటే పాఠం తత్వమే మారిపోయేది. ఖర్చు సున్నా.

గోదారిగట్టు
మీరంతా అన్వేషణ పల్లకీ మోసేస్తున్నారు గానీ, దాని లోటు కూడా చెప్పుకోవాలి కదండీ. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ రాసిన వ్యాసం దగ్గర్నుంచి చాలామంది గట్టిగా అడుగుతున్నారు: కొత్త విషయాన్ని అప్పటికప్పుడు బుర్రలో పట్టి ఉంచే జ్ఞాపకశక్తి చిన్నది, దారి చూపకుండా వదిలేస్తే పరికరంతో కుస్తీయే మిగులుతుంది, భావన మిగలదు. విడమర్చి చెప్పి, చేసి చూపించిన లెక్కలిచ్చి, తర్వాత మెల్లగా చేయి వదలడమే మేలని వాళ్ల వాదన.

ఇంకా పెద్ద చిక్కుంది. పిల్లలు "కనుక్కునేది" తప్పయితే? కొవ్వొత్తి ప్రయోగం చూడండి. పళ్లెంలో నీళ్లు, వెలిగే కొవ్వొత్తి, మీద గ్లాసు. కొవ్వొత్తి ఆరుతుంది, నీళ్లు ఎక్కుతాయి. దాదాపు అయిదో వంతు ఎక్కాయి కాబట్టి గాలిలో ఆక్సిజన్ అయిదో వంతు అని తరాలుగా రాయిస్తున్నాం. కళ్లారా చూసి, చేత్తో చేసి, హాయిగా తప్పు నేర్చుకుంటున్నారు.

చాక్‌పీసు
ఆ ఉదాహరణ మీ వాదానికే కాదు, నీలిలిట్మస్ గారు చెప్పిన మూడో తత్వానికీ పనికొస్తుంది. కొవ్వొత్తి ఆరేసరికి లోపల ఇంకా సుమారు 16 శాతం ఆక్సిజన్ ఉంటుంది. మంట వేడికి గాలి వ్యాకోచించి గ్లాసు అంచు కింద నుంచి బుడగలుగా పోతుంది, ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, నీళ్లు ఎక్కుతాయి. కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరగడం ఇందులో కొసరు.

దీన్ని పిల్లల చేతే బయటపెట్టించవచ్చు. అదే గ్లాసు కింద ఒక కొవ్వొత్తి బదులు మూడు పెట్టాలి. ఆక్సిజన్ వాదం నిజమైతే నీటి మట్టం మారకూడదు. మూడింటితో ఎక్కువ ఎక్కుతుంది. మంట ఉన్నంతసేపు నీళ్లు ఎక్కకుండా, ఆరాక గబుక్కున ఎక్కడం కూడా గమనించమనాలి. అప్పుడు పాత నమ్మకం కుర్చీలోంచి లేస్తుంది.

ఆ తర్వాత అయిదో వంతుకి సరైన ప్రయోగం: ఇనుప పీచును నిమిషం సేపు వెనిగర్లో ముంచి, విదిలించి, పరీక్షనాళిక అడుగుకు తోసి, నాళికను నీళ్ల గ్లాసులో బోర్లించాలి. మర్నాటికి తుప్పు పట్టి, 15 సెంటీమీటర్ల గాలిలో దాదాపు 3 సెంటీమీటర్లు నీరు ఎక్కి ఆగిపోతుంది.

మల్టీమీటర్
జాగ్రత్త, గిన్నెలు తోమే స్టీలు పీచు పనికిరాదు. అది తుప్పు పట్టని స్టీలు, వారం ఉంచినా నీరు కదలదు. రంగుల షాపులో చెక్క నునుపు చేయడానికి అమ్మే మెత్తటి ఇనుప పీచు అడగాలి. అదీ దొరక్కపోతే నాళిక లోపలి గోడను తడిపి ఇనుప రజను చల్లి తిప్పితే అంటుకుంటుంది. నీటి మట్టాన్ని బయటి నీటితో సమానం చేసి కొలవాలి, లేకపోతే పీడనం తేడాతో కొంచెం తక్కువ చూపిస్తుంది.

గోదారిగట్టు
ఒప్పుకుంటాను. కానీ మూడు కొవ్వొత్తులు పెట్టమని చెప్పింది మీరే కదా, పిల్లాడు కాదు. నేననేదీ అదే.

నీలిలిట్మస్
అవును, అందుకే అన్వేషణా, నిర్మాణాత్మకమూ వేరని మొదట్లోనే చెప్పాను. పిల్లవాడి నమ్మకం ఎక్కడ విరుగుతుందో ముందే తెలిసిన మాష్టారు కావాలి. పుస్తకం ఆ పని మాష్టారికి నేర్పుతుందా అన్నదే నా ప్రశ్న. మన పుస్తకాల్లో ఉపాధ్యాయుడికి ఉన్న పేజీల్లో విద్యా ప్రమాణాల జాబితా ఉంటుంది, పిల్లలు సాధారణంగా ఏం తప్పు నమ్ముతారో ఆ జాబితా ఉండదు.

విద్యుత్‌లో అసలు మొండి నమ్మకం ఒకటి: బల్బు కరెంటును "తాగేస్తుంది", రెండో బల్బుకు తక్కువ మిగులుతుంది. ఓమ్ నియమం లెక్కలు నూటికి నూరు చేసే పిల్లలు కూడా లోపల ఇదే నమ్ముతారు. దీన్ని కదిలించే కృత్యం ఇరవై నిమిషాల్లో అవుతుంది. రెండు ఘటాలు, రెండు 2.5 వోల్టుల టార్చి బల్బులు శ్రేణిలో. స్విచ్ వేయకముందు ప్రతివాడూ కాగితం మీద రాయాలి: మొదటిది ఎక్కువ వెలుగుతుందా, రెండోదా, సమానమా, ఎందుకు. రాసింది దిద్దకూడదు. అప్పుడు స్విచ్. అప్పుడు చర్చ.

ఓరుగల్లు_భౌతికం
ఇది చేసినోళ్లకు తెలుస్తది, ఇక్కడ్నే బొక్కబోర్ల పడ్తరు. అంగట్ల కొన్న టార్చి బల్బులు ఒకే పెట్టెలయైనా ఒక్క తీరు వెలుగయి. మొదటి బల్బు కొంచెం ఎక్కువ వెలిగిందనుకో, "చూసినవా సార్, తాగింది" అంటరు. తప్పు నమ్మకం ఇంకింత గట్టిపడ్తది.

మందు: రెండు బల్బులు జాగా మార్చాలె. ఎక్కువ వెలిగే బల్బు రెండో జాగకు పోయినా ఎక్కువే వెలుగుతది. తేడా జాగల లేదు, బల్బుల ఉన్నదని అప్పుడు తెలుస్తది. దాని తర్వాత అమ్మీటరు. రెండు అమ్మీటర్లు పెట్టొద్దు, రెండిటికి సున్నా దోషం (కరెంటు లేనప్పుడు ముల్లు సున్నా మీద నిలవకపోవుడు) వేరే ఉంటది. ఒక్కటే అమ్మీటరును ముందు, నడుమ, చివరకు మార్చి చదవాలె.

చాక్‌పీసు
అరవైమంది ఉన్న సెక్షను, 45 నిమిషాల పీరియడు. ఇది ఎలా అవుతుందని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి నేనే అడుగుతున్నాను.

నీలిలిట్మస్
హోషంగాబాద్ వాళ్లు ముప్పై ఏళ్లు ఈ ప్రశ్నకే జవాబు వెతికారు. మధ్యప్రదేశ్‌లో 1972లో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలుపెట్టిన సైన్సు బోధనా కార్యక్రమం అది. ఆరు నుంచి ఎనిమిది దాకా. 1978లో జిల్లా అంతటికీ వెళ్లింది. 1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడి భుజానికెత్తుకుంది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. ఉన్నత పాఠశాల స్థాయి కాకపోయినా మన ప్రశ్నకు సూటిగా తగిలేది అదే.

వాళ్ల పుస్తకంలో ప్రయోగం ఎలా చేయాలో ఉంటుంది, ఫలితం ఉండదు. ప్రశ్నలుంటాయి, జవాబులు పిల్లల నోట్‌బుక్కుల్లో తయారవ్వాలి. నలుగురికో జట్టు. ప్రతి బడికీ కిట్టు, అందులో పగిలేవి, అయిపోయేవి మళ్లీ నింపే ఏర్పాటు. ఉపాధ్యాయులు నెలకోసారి కూర్చుని చెడిన ప్రయోగాల గురించి మాట్లాడుకునేవాళ్లు. కొలతలో వచ్చే తేడాలు, సంభావ్యత ఆ చిన్న తరగతుల్లోనే పాఠాలు, ఎందుకంటే నలుగురు కొలిస్తే నాలుగు అంకెలొస్తాయి, వాటిని ఏం చేయాలో తెలియాలి. మన పదో తరగతిలో కూడా కొలత దోషాల మీద ఒక్క పాఠం లేదు, ఆశ్చర్యంగా లేదా?

అన్నిటికంటే ముఖ్యం పరీక్ష. పుస్తకం, నోట్సు చూసి రాసే పరీక్ష, దాంతోపాటు చేతితో చేసే ప్రయోగ పరీక్ష. చూసి రాయొచ్చంటే కంఠస్థం ప్రశ్న అడగడానికే వీలుండదు. తత్వం పరీక్ష దాకా తెగకుండా వెళ్లిన ఉదాహరణ మన దేశంలో నాకు తెలిసి అదొక్కటే.

మల్టీమీటర్
అరవైమందికి నలుగురేసి అంటే 15 జట్లు. బల్బుల కృత్యానికి 30 ఘటాలు, 30 బల్బులు, 30 హోల్డర్లు, 15 స్విచ్చులు. అమ్మీటరు జట్టుకొకటి అక్కర్లేదు, మూడు చాలు, చేతులు మారతాయి. ఖర్చు కంటే పోయేది ఘటాలతోనే: బీరువాలో ఆరు నెలలుంటే కారి హోల్డర్లు తుప్పు పడతాయి. కృత్యం అవ్వగానే తీసి విడిగా పెట్టే పని ఒక జట్టుకు అప్పగించాలి. మాడిన బల్బుల కోసం కనీసం ఆరు అదనంగా కొనాలి, 2.5 వోల్టుల బల్బుకు ఎవడో ఒకడు నాలుగు ఘటాలు పెట్టి తీరతాడు.

సమయం: ఊహ రాయడానికి 5 నిమిషాలు, కట్టడానికి 10, జాగా మార్చి చూడటానికి 5, అమ్మీటరుకు 10, మిగతాది చర్చ. తీగల కొసల ప్లాస్టిక్ ముందురోజే వలిచి ఉంచకపోతే ఆ పది నిమిషాలు ఇరవై అవుతాయి, చర్చ ఎగిరిపోతుంది. ఎగిరిపోయేది ఎప్పుడూ చర్చే.

గోదారిగట్టు
మన రాష్ట్ర పుస్తకాలూ పరీక్షను మార్చే ప్రయత్నం చేశాయి కదండీ. విద్యా ప్రమాణాలు అని విడగొట్టి మార్కులు పంచారు: విషయావగాహన, ప్రశ్నించడం–పరికల్పన చేయడం, ప్రయోగాలు, సమాచార నైపుణ్యాలు, బొమ్మలు, అభినందన, నిత్యజీవిత వినియోగం. కాగితం మీద చక్కగానే ఉంది.

ఓరుగల్లు_భౌతికం
కాగితం మీద ఉన్నది, గైడులకు పోయింది. "ఓమ్ నియమం గురించి ఇంకా తెలుసుకోవడానికి నీవు అడిగే రెండు ప్రశ్నలు రాయి" అని ప్రశ్నపత్రంల ఇస్తరు. మంచి ఆలోచనే. మరి గైడుల పాఠానికి పది ప్రశ్నలు అచ్చేసి ఉన్నయి. పిల్లగాడు ప్రశ్నలను బట్టీ పడ్తడు! జవాబుల బట్టీ విన్నం, ప్రశ్నల బట్టీ కొత్త. "కార్బన్ పాత్రను నీవెట్ల అభినందిస్తవు" అంటే నాలుగు లైన్ల అభినందన కూడ రెడీమేడ్.

ప్రాజెక్టు పని 5, రాత పని 5, పాల్గొనుడు 5, లఘు పరీక్ష 5 అని నిర్మాణాత్మక (ఫార్మేటివ్) మూల్యాంకనంల 20 మార్కులు. లఘు పరీక్ష తప్ప తక్కినవి అందరికీ దాదాపు నిండుగనే పడ్తయి. ఎవ్వరికీ తేడా చూపని మార్కు పాఠాన్ని మార్చదు.

నీలిలిట్మస్
ఇంకో ప్రమాదం పైనుంచి వచ్చింది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ భారం తగ్గిస్తున్నామంటూ పదో తరగతిలో మూలకాల ఆవర్తన వర్గీకరణ పాఠం, జీవ పరిణామం, విద్యుదయస్కాంత ప్రేరణ, మోటారు, జనరేటరు తీసేసింది. భారం తగ్గించడం తప్పు కాదు. ఏ తత్వంతో తగ్గించారన్నదే ప్రశ్న. శాస్త్ర నిర్మాణం చూసేవాడు ఆవర్తన పట్టికను ముట్టుకోడు, లోహాలు, కార్బన్ పాఠాలు దాని మీదే నిలబడ్డాయి. సమాజం కోసం సైన్సు అనేవాడు జనరేటరు తీయడు. నాలుగు తత్వాల్లో ఏదీ ఆ కోతను సమర్థించదు. పేజీల లెక్క ఒక్కటే సమర్థిస్తుంది. తెలంగాణ సొంత పుస్తకాల్లో పట్టిక ఉంది, పరిణామం ఉంది. ఓరుగల్లు సార్ క్వాంటం సంఖ్యల మీద కోపం అక్కడ కాస్త తగ్గించుకోవచ్చు.

ఓరుగల్లు_భౌతికం
తగ్గించుకుంట మేడమ్, పట్టిక వరకు. క్వాంటం సంఖ్యలు మటుకు వద్దు.

చాక్‌పీసు
పుస్తకం మార్చడం మన చేతిలో లేదు. సంగ్రహణాత్మక (సమ్మేటివ్) పరీక్ష పత్రం కూడా లేదు. లఘు పరీక్ష మాత్రం పూర్తిగా మనదే, కాబట్టి పుస్తకం తెరిచి రాసే ప్రశ్న ఒకటి అక్కడ పెట్టొచ్చు. మల్టీమీటర్ గారి అంకెలతోనే రెండు తయారుచేశాను, వాడుకోండి.

మొదటిది. ఒక జట్టు రీడింగులు: 1.4 వోల్టులకు 0.28 ఆంపియర్లు, 2.5కు 0.50, 3.5కు 0.60, 4.3కు 0.86. ఇందులో ఏ రీడింగును నువ్వు అనుమానిస్తావు? ఎలా తెలిసింది? ఇప్పుడేం చేస్తావు? (మూడోది. మిగతావి 5 దగ్గరుంటే అది 5.8.) నిష్పత్తులు కట్టినందుకు 1, గుర్తించినందుకు 1, కారణానికి 1, తర్వాతి పనికి 1. "ఆ రీడింగు కొట్టేస్తాను" అంటే చివరి మార్కు లేదు. "మళ్లీ తీస్తాను" అంటే ఉంది.

రెండోది. ఇంకో జట్టు 1.5, 3, 4.5, 6 వోల్టులకు 0.27, 0.50, 0.69, 0.86 ఆంపియర్లు రాసింది. నిష్పత్తి ఎందుకు పెరుగుతోంది? వాళ్లు ఏ పరికరం చదవలేదని నీ అనుమానం? తీగ వేడెక్కి నిరోధం పెరిగిందని కొందరు రాస్తారు. నిక్రోమ్ విషయంలో ఆ పెరుగుదల చాలా తక్కువ, ఇంత తేడా రాదు. అయినా దాన్ని ఎలా పరీక్షించాలో కూడా రాస్తే పూర్తి మార్కులివ్వండి.

గోదారిగట్టు
రెండో ప్రశ్నకి ఇంకో జవాబు రావచ్చండి: ఘటాలు పాతవి అని. అది కూడా సరైనదే అవుతుంది కదా, లోపలి నిరోధం పెరిగేది అందుకే. మార్కుల పట్టికలో చేర్చండి. అలాగే "ఏ పరికరం చదవలేదు" అన్న మాట తీసేయండి, అది జవాబు చెప్పేస్తోంది.

చాక్‌పీసు
తీసేశాను. "ఈ పట్టిక తయారైన తీరులో నీకు ఏ అనుమానం వస్తోంది?" అని మార్చాను. ఘటాలు పాతవి అన్న జవాబుకు 2, వోల్ట్‌మీటరు చూడలేదు అన్నదానికి 2, రెండూ కలిపి చెబితే 4.

మల్టీమీటర్
పత్రం ఇచ్చేటప్పుడు సెక్షన్ ఎ, సెక్షన్ బి లకు తీగ నిరోధం మార్చండి, 5 బదులు 8 ఓమ్‌లు. పొద్దున రాసినవాళ్లు మధ్యాహ్నం వాళ్లకు "మూడోది, 5.8" అని చెప్పేస్తారు. 8 ఓమ్‌ల తీగకు, అవే ఘటాలతో: 0.18, 0.33, 0.47, 0.60 ఆంపియర్లు. తప్పు రీడింగును ఈసారి రెండో చోట పెట్టండి.